నానో చుట్టలు చుట్టుకోవడం లేదు, ఎవరైనా కాస్త చూసి చెప్పండి

సింహపురి శైలు (నెల్లూరు) · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం. ప్రాజెక్టు గ్రాఫీన్ ఆక్సైడ్ నానోస్క్రోల్స్. పేరు ఘనంగా ఉంది గానీ పని ఇంతే: ఒక అణువు మందం ఉన్న కార్బన్ రేకుని చాప చుట్టినట్టు చుట్టాలి. చుట్టాక దాని లావు, బిగువు మనకు కావాల్సినట్టు మార్చగలమా అని చూడాలి. నేను మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను.

చేసింది చెప్తాను. హమ్మర్స్ పద్ధతి (గ్రాఫైట్‌ని సల్ఫ్యూరిక్ ఆసిడ్, పర్మాంగనేట్‌తో ఆక్సైడ్‌గా మార్చడం), 2 గ్రాముల గ్రాఫైట్ పొడి. ఐస్ కోసం రొయ్యల ఐస్ ఫ్యాక్టరీ నుంచి అరబస్తా తెచ్చుకున్నా, మా ల్యాబ్ ఫ్రిజ్‌లో ట్రే ఐస్ దేనికీ చాలదు. పర్మాంగనేట్ చిటికెడు చిటికెడు వేస్తూ గంటన్నర కూర్చున్నా. చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే పసుపు రంగు భలే వచ్చింది, ఫొటో తీసి ఇంట్లో అమ్మకు కూడా చూపించా. నాలుగుసార్లు నీళ్లు పోసి, తేరనిచ్చి, పైనీళ్లు వంచేశా. తర్వాత బాత్ సోనికేటర్‌లో (అల్ట్రాసౌండ్ తొట్టి) 3 గంటలు. సిలికాన్ ముక్క మీద ఒక చుక్క వేసి ఆరబెట్టి, వేరే ఊర్లో గంటకింత అని డబ్బు కట్టి ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో) తీయించా.

మొదటి శాంపిల్‌లో నిటారుగా కడ్డీలు కనపడ్డాయి. చుట్టలే అనుకుని ఎగిరి గంతేశా. మా గైడ్ మేడమ్ చూసి "ఇవేంది సూదుల్లా ఉన్నాయి, కొసలు చూడు ముందు" అని ల్యాప్‌టాప్ మూసేశారు. రెండో శాంపిల్‌లో కడ్డీలు కూడా లేవు, నలిపి పడేసిన కాగితాల్లాంటి రేకులే. ఇంకా 5 వారాలే టైమ్ ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పొగాకు మామ (కందుకూరు) · ఆదివారం, రాత్రి 9:40

అమ్మాయ్, నాకు కెమిస్ట్రీ రాదు. చుట్ట అనే మాట చూసి లోపలికొచ్చా. మాది బ్యారన్ పొగాకు (కొట్టంలో వేడిపెట్టి ఆరబెట్టేది), దాంతో చుట్టలు చుట్టరు. కానీ మా తాత నాటు ఆకుతో ఇంట్లోనే చుట్టుకునేవాడు. చుట్టే ముందు ఆకు మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టా కప్పి పెట్టేవాడు. ఎండాకు చుడితే ఫెళ్లున పగులుద్ది. మరీ తడి ఆకైతే నాలుగాకులు ఒకదానికొకటి అంటుకుని విడిరావు. పదును రావాలి, అంటే సరిపడా తేమ. బ్యారన్‌లో కూడా అంతే, కాల్చిన ఆకుని వెంటనే దించరు, తేమ పట్టి మెత్తబడ్డాకే దించుతారు. నీ ఆకు పదును మీదుందా, లేదా? అది చూసుకో ముందు.

ఒంగోలు గిత్త · ఆదివారం, రాత్రి 9:52

మామా, సైన్సు పాపకి చుట్ట చుట్టడం నేర్పిస్తున్నావా 😄

నాకో డౌట్. కార్బన్ నానోట్యూబ్ అని ఎప్పటినుంచో వింటున్నాం కదా. ఇది కూడా గొట్టమే కదా, కొత్త పేరు ఎందుకు?

కావలి కెమిస్ట్రీ మాష్టారు · ఆదివారం, రాత్రి 11:05

గిత్త గారూ, నవ్వకండి. మామ గారు తెలియకుండానే అసలు సంగతి మీద చెయ్యి పెట్టారు.

ముందు మీ డౌట్. నానోట్యూబ్ అంటే అతుకు లేని పైపు. దాని లావు తయారైనప్పుడే ఖాయం, తర్వాత మారదు. స్క్రోల్ అంటే చుట్టిన చాప. ఒక అంచు లోపల, ఒక అంచు బయట, రెండు కొసలూ తెరుచుకునే ఉంటాయి. కాబట్టి వదులు చేయొచ్చు, బిగించొచ్చు, పొరల మధ్యకు ఏదైనా పంపొచ్చు. శైలు ప్రాజెక్టులో "లావు మార్చడం" అనే మాట వచ్చింది అందుకే. ట్యూబుతో ఆ ఆట కుదరదు.

ఇది నిన్న మొన్నటిదీ కాదు. 1960లో రోజర్ బేకన్ అనే ఆయన కార్బన్ ఆర్క్‌లో పెంచిన గ్రాఫైట్ మీసాలను చూసి, ఇవి చుట్టిన పొరల్లా ఉన్నాయని రాశాడు. 2003లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు గ్రాఫైట్ పొరల మధ్యకు పొటాషియం దూర్చి, దాన్ని ఇథనాల్‌లో వేసి పొరలు విడగొట్టి, అల్ట్రాసౌండ్‌తో చుట్టలు చేశారు. మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ టేపుతో గ్రాఫీన్ ఊడదీసింది ఆ మరుసటి ఏడు, 2004లో. అంటే ఒంటి రేకు చేతికి రాకముందే చుట్ట వచ్చిందన్నమాట! నాకు ఇది భలే నచ్చుతుంది.

ఇక చుట్టుకోవడం. రేకుని వంచాలంటే శక్తి ఖర్చవుతుంది, ఊరికే వదిలేస్తే అది బల్లపరుపుగానే ఉండాలనుకుంటుంది. కానీ ఒక అంచు వంగి రేకు మీదకే ఎక్కిందనుకోండి, అక్కడ పొరా పొరా పట్టుకుంటాయి. అదే వాన్ డర్ వాల్స్ ఆకర్షణ. ఆ పట్టు వల్ల వచ్చే లాభం వంచడానికి పెట్టిన ఖర్చును మించిందా, మిగతా రేకు దానంతటదే చుట్టుకుపోతుంది. కష్టమంతా మొదటి మడత దగ్గరే. అల్ట్రాసౌండ్ అయినా, గడ్డకట్టించడమైనా, ఆ మొదటి మడత కోసమే.

ఆక్సైడ్‌తో ఇబ్బంది ఏమిటంటే, రేకు నిండా హైడ్రాక్సిల్, ఎపాక్సీ గుంపులు, అంచుల్లో కార్బాక్సిల్ ఉంటాయి, అన్నీ ఆక్సిజన్ ఉన్న గుంపులే. గ్రాఫైట్‌లో పొరకూ పొరకూ మధ్య దూరం 0.335 నానోమీటర్లు. ఆక్సైడ్‌లో అది 0.7 నుంచి 1 దాకా పోతుంది, తేమను బట్టి. దూరం పెరిగిందంటే పట్టు తగ్గినట్టే. మామ గారు చెప్పిన పదును ఇదే.

శైలూ, నీ పోస్టులో నన్ను ఆపిన మాట "నాలుగుసార్లు కడిగా". హమ్మర్స్‌లో ఎంత సల్ఫ్యూరిక్ ఆసిడ్, ఎంత పొటాషియం, ఎంత మాంగనీస్ పోశావో గుర్తుందా? నాలుగు కడుగులకు అవి పోతాయా? రేపు పొద్దున నీ ద్రావణాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన నీళ్లలో రెండు చుక్కల బేరియం క్లోరైడ్ వెయ్యి. డిగ్రీలో సాల్ట్ అనాలిసిస్ చేసే ఉంటావు. ఏమొచ్చిందో ఇక్కడ రాయి.

గూడూరు అభ్రకం · సోమవారం, ఉదయం 7:20

మాష్టారి మాటకు నాది రెండో ఓటు. ఆ సూదులు చుట్టలు కావు, ఉప్పు స్ఫటికాలు. ఫొటో చూడకుండానే చెప్తున్నా, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఇదే గంతు వేశాను. చుట్ట అంత నిటారుగా, అంత పదునుగా ఉండదు. కొసలు కాస్త వదులుగా, పక్కన ఎక్కడో అంచు గీత కనపడుతూ, మధ్యలో కొంచెం వంకర ఉంటుంది. ఈసారి ఎస్ఈఎం తీసేటప్పుడు ఈడీఎస్ (ఏ మూలకాలున్నాయో చెప్పే పరీక్ష) కూడా పెట్టమను. కడ్డీ మీద గురిపెడితే కార్బన్, ఆక్సిజన్ రావాలి. పొటాషియం, గంధకం వచ్చాయంటే కథ అయిపోయినట్టే.

నా పేరెందుకు అభ్రకం అంటే, మా అవ్వ మైకా కంపెనీలో అభ్రకం చీల్చే పని చేసింది. చిన్న కత్తితో బిళ్ల అంచులో గాటు పెట్టి పొర ఊడదీస్తే అద్దంలా వచ్చేది. ఇప్పుడు నేను బెంగళూరులో ఏఎఫ్ఎం (సన్నని సూదికొసతో తడిమి ఎత్తు కొలిచే మైక్రోస్కోప్) నడుపుతుంటే, నానో రేకులు పరిచి మందం కొలవడానికి వాడేది అదే అభ్రకం. అప్పుడే చీల్చిన ముఖం అణువు స్థాయిలో నున్నగా ఉంటుంది మరి. టేపు అంటించి పై పొర లాగేసిన ప్రతిసారీ అవ్వ గుర్తొస్తుంది. ఒంటి ఆక్సైడ్ రేకైతే దాని మీద సుమారు 1 నానోమీటరు ఎత్తు చూపిస్తుంది. నీకు వీలైతే చుట్టే ముందు ఆ కొలత ఒకటి తీయించుకో. ఉన్నవి ఒంటి రేకులా, దొంతరలా అన్నది తెలిసిపోతుంది.

సింహపురి శైలు · సోమవారం, మధ్యాహ్నం 1:15

మాష్టారూ, బేరియం క్లోరైడ్ వేయగానే పెరుగులా తెల్లగా అయిపోయింది, అంటే సల్ఫేట్ ఇంకా ఉంది 😭 గూడూరు అన్నా, పాత ఫైల్‌లో ఈడీఎస్ కూడా ఉంది, నేనే చూసుకోలేదు. పొటాషియం, గంధకం రెండూ ఉన్నాయి. అంటే నేను చుట్టలనుకుని గంతేసినవి ఉప్పు సూదులు. మా అమ్మకి ఈ సంగతి చెప్పను.

కానీ ఒకటి అర్థం కాలేదు. ఉప్పు ఉంటే ఫొటో పాడవడం సరే, చుట్టుకోవడం ఎందుకు ఆగాలి?

కావలి కెమిస్ట్రీ మాష్టారు · సోమవారం, సాయంత్రం 6:30

మంచి ప్రశ్న. నీళ్లలో ఆక్సైడ్ రేకులకు రుణావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతాయి. ఉప్పు అయాన్లు చేరితే ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. నెట్టుకోవడం ఆగి రేకులు దొంతరగా పడతాయి. ఒక్క చాపను చిన్నపిల్లాడైనా చుడతాడు, పది చాపలు ఒకదాని మీద ఒకటి వేసి చుట్టమనండి చూద్దాం. నీ రెండో శాంపిల్‌లో నలిగిన కాగితాలు అవే అయ్యుంటాయి.

కడిగే వరస: ముందు 5 నుంచి 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో రెండుమూడు సార్లు, లోహ అయాన్లు పోవడానికి. ఆ తర్వాతే నీళ్లు. నీళ్లతో కడిగేకొద్దీ ఆసిడ్ తగ్గి, అది ఉబ్బి గంజిలా అవుతుంది, సెంట్రిఫ్యూజ్‌లో కిందకు దిగదు. అక్కడ చాలామంది విసిగి ఆపేస్తారు. నువ్వు ఆపకుండా డయాలసిస్ సంచిలో (ఉప్పును బయటికి వదిలి రేకుల్ని లోపలే ఆపే సన్నపొర సంచి) పోసి, పెద్ద బకెట్ డిస్టిల్డ్ వాటర్‌లో వేలాడదీసి, పూటపూటకీ నీళ్లు మార్చు. వారం పడుతుంది. బకెట్ నీళ్లలో బేరియం క్లోరైడ్ వేసినా, సిల్వర్ నైట్రేట్ వేసినా తెల్లబడకుండా ఉన్న రోజు ఆపు. బేరియం ఉప్పు విషం, ఆ టెస్ట్ ట్యూబ్ నీళ్లు సింకులో పారబోయొద్దు.

మార్కాపురం పలక · సోమవారం, రాత్రి 8:45

ఆలస్యంగా వచ్చా, కానీ ఒక హెచ్చరిక చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. చదివేవాళ్లలో ఇంకెవరైనా ఈ ప్రయోగం మొదలుపెట్టొచ్చు కదా.

గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో పర్మాంగనేట్ వేస్తే మాంగనీస్ హెప్టాక్సైడ్ పుడుతుంది. ఆకుపచ్చ నూనెలా ఉంటుంది. దాదాపు 55 డిగ్రీలు దాటినా, టిష్యూ పేపర్, అసిటోన్ లాంటివి తగిలినా పేలుతుంది. అందుకే పర్మాంగనేట్ వేసేంతసేపూ 20 డిగ్రీల లోపే ఉంచాలి. శైలు గంటన్నర కూర్చుంది అంటే సరిగ్గానే చేసింది. 1958లో హమ్మర్స్, ఆఫెమన్ రాసిన పద్ధతిలో సోడియం నైట్రేట్ కూడా ఉంది, దానివల్ల విషవాయువులు వస్తాయి. 2010లో రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు నైట్రేట్ తీసేసి, సల్ఫ్యూరిక్‌కి ఫాస్ఫారిక్ ఆసిడ్ 9కి 1 పాళ్లలో కలిపారు. ఆ గ్యాస్ గొడవ పోయింది. కొత్తగా చేసేవాళ్లు దాన్నే పట్టుకోండి.

రెండోది నా సొంత గోడు. నేను చదివిన చోట, పేరు వద్దులెండి, ఒక సీనియర్ సరిగ్గా కడగని ఎండు ముద్దను హాట్ ప్లేట్ మీద పెట్టి టీకి పోయాడు. భుస్సుమని మెరిసి నల్లటి పొడి సీలింగ్ దాకా ఎగిరింది. ఫ్యాన్ రెక్కల మీద ఆ మసి నేను పాసై వచ్చేదాకా అట్టాగే ఉంది. గ్రాఫీన్ ఆక్సైడ్ వేడెక్కితే ఒక్కసారిగా విచ్ఛిన్నమై గ్యాస్ వదులుతుంది. పొటాషియం ఉప్పు మిగిలి ఉంటే మంట ఇంకా తేలికగా అంటుకుంటుంది. కడగడం చుట్టల కోసమే కాదమ్మా, నీ కనుబొమ్మల కోసం కూడా.

కనిగిరి నీళ్లు · సోమవారం, రాత్రి 9:30

మాష్టారూ, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలుసు. ఈ చుట్టలతో ఫిల్టర్ చేస్తే ఫ్లోరైడ్ పోతుందా? ఏదో వీడియోలో గ్రాఫీన్ అన్నిటినీ పీల్చేస్తుందని చెప్పారు.

కావలి కెమిస్ట్రీ మాష్టారు · సోమవారం, రాత్రి 10:10

వీడియోలు అన్నీ చెప్తాయి. ఫ్లోరైడ్‌ది రుణావేశం, ఈ రేకుదీ రుణావేశం. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉత్త చుట్టకు సీసం, రాగి లాంటి లోహ అయాన్లు పట్టుబడతాయి గానీ ఫ్లోరైడ్ పట్టుబడదు. దాని మీద అల్యూమినియం, జిర్కోనియం, ఇనుము లాంటి వాటి ఆక్సైడ్లు ఎక్కిస్తే అప్పుడు కొంత పని జరుగుతుంది, కానీ పట్టేది ఆ ఆక్సైడ్, చుట్ట దానికి అరుగు లాంటిది. ఊరికి పనికొచ్చేది కావాలంటే పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, యాక్టివేటెడ్ అల్యూమినా ఉంది, ఆర్వో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీ బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించండి, తర్వాత మాట్లాడుకుందాం.

చీమకుర్తి లెక్కలు · మంగళవారం, ఉదయం 6:55

నేను గ్రానైట్ క్వారీలో అకౌంట్స్ చూస్తాను, లెక్కలంటే ఊరుకోలేను. లోపలి బోలు వ్యాసం 40 నానోమీటర్లు అనుకుందాం. పొరల మధ్య 0.8. మొదటి చుట్టుకు 126 నానోమీటర్ల రేకు కావాలి. ఆ తర్వాత ఒక్కో చుట్టూ కొంచెం కొంచెం పెరుగుతుంది. 1 మైక్రాన్ వెడల్పు రేకుతో 7 చుట్లు వస్తాయి. 300 నానోమీటర్ల రేకైతే రెండు చుట్లు దాటగానే అయిపోయింది. రెండు చుట్ల చాప నిలబడుతుందా? నిలబడదు, విప్పుకుంటుంది.

నేననేది, శైలు 3 గంటలు సోనికేటర్‌లో పెట్టింది కదా. అది రేకుల్ని ముక్కలు చేసేసి ఉండదా?

ఒంగోలు గిత్త · మంగళవారం, ఉదయం 7:30

క్వారీ అకౌంటెంట్ నానో లెక్కలు చేస్తున్నాడు, నేను ఇక్కడ ఊరికే జోకులేస్తున్నా. సిగ్గేస్తోంది.

గూడూరు అభ్రకం · మంగళవారం, ఉదయం 9:00

లెక్కలు గారూ, నూటికి నూరు సరి. అల్ట్రాసౌండ్ రెండంచుల కత్తి. బాత్ సోనికేటర్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర, ద్రావణంలో కొస ముంచే ప్రోబ్ సోనికేటర్లు 20 దగ్గర పనిచేస్తాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలో బుడగలు పెద్దవిగా పెరిగి గట్టిగా పగులుతాయి. ఆ ఊపుకే రేకు అంచు లేచి మడతపడుతుంది. అంతే ఊపుకు చిరుగుతుంది కూడా. గంటల తరబడి పెడితే చివరికి మిగిలేది కొన్ని వందల నానోమీటర్ల చిత్తుముక్కలే. పైగా ప్రోబ్ కొసనుంచి టైటానియం రేణువులు రాలి శాంపిల్‌లో కలుస్తాయి.

అందుకే నా ఓటు గడ్డకట్టించి ఆరబెట్టడానికి. పలచని ద్రావణాన్ని ద్రవ నైట్రోజన్‌లో ఒక్కసారిగా గడ్డకట్టించి, లయోఫిలైజర్‌లో మంచును ఆవిరి చేసెయ్యడం. రేకు చిరగదు.

కావలి కెమిస్ట్రీ మాష్టారు · మంగళవారం, రాత్రి 9:20

నాకు అది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అల్ట్రాసౌండ్‌ని వదిలెయ్యమనడం తొందరపాటు. ప్రోబ్‌ని ఐస్‌లో పెట్టి, ఆపి ఆపి కొద్ది నిమిషాలు నడిపితే రేకు అంతగా చిరగదు. ద్రవ నైట్రోజన్ కావాలి, లయోఫిలైజర్ కావాలి అంటే మన ఊళ్లలో ఎన్ని కాలేజీల్లో ఉన్నాయి? బెంగళూరులో కూర్చుని చెప్పడం తేలిక.

గూడూరు అభ్రకం · మంగళవారం, రాత్రి 9:35

అది నిజమే మాష్టారూ, ఒప్పుకుంటాను. శైలూ, లయోఫిలైజర్ ఉందా మీకు?

సింహపురి శైలు · మంగళవారం, రాత్రి 10:02

లయోఫిలైజర్ బయోటెక్ వాళ్ల దగ్గర ఉంది, అడిగితే ఇస్తారు. కరెంటు పోకుండా ఉంటే నడుస్తుంది. ప్రోబ్ మాత్రం లేదు. ద్రవ నైట్రోజన్ ఎక్కడ దొరుకుతుందో తెలియదు.

ఒంగోలు గిత్త · మంగళవారం, రాత్రి 10:15

ఇప్పుడు నా వంతు! మా బాబాయి గోపాలమిత్ర. ఆవులకు సూదులు వేయడానికి ఒంగోలు గిత్తల వీర్యం స్ట్రాలు పెట్టుకుని తిరిగే క్యాన్‌లో ఉండేది అదే, ద్రవ నైట్రోజన్. పశువుల ఆసుపత్రికి వంతులవారీగా వస్తుంది. కాలేజీ నుంచి ఉత్తరం ఉంటే ఖాళీ క్యాన్‌లో 3 లీటర్లు ఇప్పిస్తానన్నాడు. ఒక్క షరతు, "స్ట్రాలున్న క్యాన్ జోలికి ఎవరైనా వచ్చారో, ఊరుకోను".

మార్కాపురం పలక · మంగళవారం, రాత్రి 10:40

ఇంకో షరతు నాది. కారులో అద్దాలు బిగించుకుని తేవద్దు. 1 లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, ఊపిరాడే గాలిని తోసేస్తుంది. ఆటోలో తేండి, గాలి ఆడుతుంది. క్యాన్ మూత బిర్రుగా బిగించకూడదు. శాంపిల్ సీసా మూత కూడా అంతే. ఆ ద్రవం మైనస్ 196 డిగ్రీలు, కళ్లద్దాలు, వదులు గ్లౌజులు తప్పనిసరి.

సింహపురి శైలు · పదకొండు రోజుల తర్వాత, శనివారం, రాత్రి 8:10

మళ్లీ వచ్చా. డయాలసిస్ 8 రోజులు పట్టింది. బకెట్లు మోసి మోసి భుజం పోయింది. ఎనిమిదో రోజు బేరియం క్లోరైడ్ వేస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అంత ఆనందం నాకు ఇంటర్ రిజల్ట్స్‌కి కూడా రాలేదు.

నైట్రోజన్ రాకముందు ఆత్రం ఆగక మామూలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఒకసారి చేశా. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల ద్రావణం. వచ్చింది చుట్టలు కాదు, పీచుమిఠాయి లాంటి బూడిదరంగు స్పాంజి. ముట్టుకుంటే ఏమీ లేనంత తేలిక. చూడ్డానికి బాగుంది గానీ ఎస్ఈఎంలో అన్నీ గోడలు, గదులు, తేనెపట్టులా.

గూడూరు అభ్రకం · శనివారం, రాత్రి 8:50

అది కూడా ఒక పాఠమే. మెల్లగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతూ రేకుల్ని తమ మధ్య సందుల్లోకి తోసేస్తాయి. అక్కడ రేకులు ఒత్తుకుని గోడలు కడతాయి. ఒక్కసారిగా గడ్డకడితే అంత తోసే సమయం ఉండదు. ద్రావణం పలచగా ఉంటే పక్కన పట్టుకోవడానికి ఇంకో రేకు దొరకదు, తన అంచునే తాను పట్టుకోవాలి. మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టు. గడ్డకట్టించేటప్పుడు సీసాలో నింపకు, చుక్కలు చుక్కలుగా నైట్రోజన్‌లోకి వదులు.

పొగాకు మామ · శనివారం, రాత్రి 9:05

మేమూ అదే చెప్తాం, ఆకులు కుప్పగా పోస్తే చుట్టలు కావు, చెక్కు అవుతాయి, అంటే అతుక్కుపోయిన దిమ్మ.

సింహపురి శైలు · శుక్రవారం, రాత్రి 11:30

చుట్టుకున్నాయ్!!!

0.2 ద్రావణం, చుక్కలుగా నైట్రోజన్‌లోకి. ప్రతి చుక్కా చిన్న సగ్గుబియ్యం గింజలా గడ్డకట్టింది. లయోఫిలైజర్‌లో రెండు రోజులు. మధ్యలో ఒకసారి కరెంటు పోయి ఒక బ్యాచ్ కరిగి పాయసం అయింది, అది వదిలేయండి. రెండో బ్యాచ్‌లో దూదిపింజ లాంటిది చిటికెడు వచ్చింది. ఎస్ఈఎంలో పొడుగ్గా, కాస్త వంకరగా, కొసల్లో తెరుచుకుని... గూడూరు అన్న చెప్పిన అంచు గీత కూడా ఒకదాని మీద స్పష్టంగా ఉంది. ఈడీఎస్‌లో కార్బన్, ఆక్సిజన్, కింద సిలికాన్, పైన పూత తాలూకు గోల్డ్, అంతే. మొత్తంలో ఒక సగం చుట్టలు, మిగతావి అరచుట్టలు, నలిగినవి. మేడమ్ ఈసారి ల్యాప్‌టాప్ మూయలేదు. ఆక్సైడ్ కరెంటును మోయదు కదా, గోల్డ్ పూత వేయకపోతే ఫొటో తెల్లగా పేలిపోతోంది, అది కూడా నేర్చుకున్నా.

ఇప్పుడు రెండో ముక్క. చుట్ట బిగువు మార్చాలి. ఏం చేయాలి?

కావలి కెమిస్ట్రీ మాష్టారు · శనివారం, ఉదయం 6:10

శభాష్. నేను ప్రోబ్ గురించి వాదించింది వెనక్కి తీసుకోను గానీ, ఈ ఫొటో చూసి సంతోషించాను.

బిగువు రేకు మీద ఉన్న ఆక్సిజన్ చేతిలో ఉంది. కొంచెం తగ్గిస్తే పొరలు దగ్గరకు వస్తాయి, పట్టు పెరుగుతుంది, చుట్ట బిగుస్తుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద ద్రావణాన్ని కొన్ని గంటలు పెడితే మెల్లగా తగ్గుతుంది. విటమిన్ సి కూడా అదే పని చేస్తుంది. హైడ్రజీన్ జోలికి పోవద్దు, అది విషం. మరీ ఎక్కువ తగ్గించావో, రేకులకు నీళ్లు గిట్టవు, నల్లటి తుక్కులా కిందకు దిగిపోతాయి. పదును తప్పిన ఆకు లాగే. మూడు శాంపిల్స్ చెయ్యి: దీపం చూపించనిది, కొద్దిసేపు చూపించింది, ఎక్కువసేపు చూపించింది. మూడిటికీ ఎక్స్ఆర్‌డీ (ఎక్స్-రే పరీక్ష) తీసి పొరల దూరం లెక్కగట్టు. చుట్టిన తర్వాత తగ్గించడం వేరే దారి, అది ఈ మిగిలిన టైమ్‌లో పెట్టుకోకు.

సింహపురి శైలు · తర్వాతి గురువారం, సాయంత్రం 7:45

మూడు శాంపిల్స్ అయ్యాయి. దీపం చూపించనిదానికి ఎక్స్ఆర్‌డీ శిఖరం 10.5 డిగ్రీల దగ్గర వచ్చింది, అంటే 0.84 నానోమీటర్లు. మధ్యది 12.5 డిగ్రీలు, 0.71. ఎస్ఈఎంలో కూడా మధ్యదాని చుట్టలు సన్నగా కనపడుతున్నాయి. ఎక్కువసేపు పెట్టినది మాష్టారు అన్నట్టే తుక్కై కూర్చుంది, అది కూడా రిపోర్టులో పెడుతున్నా. లోపలి బోలు ఎంతో ఖచ్చితంగా చెప్పాలంటే టీఈఎం (శాంపిల్ గుండా చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కావాలి, దానికి స్లాట్ వచ్చే నెల. మేడమ్ "ఇది చాలు, రాయడం మొదలుపెట్టు" అన్నారు.

పొగాకు మామ · గురువారం, రాత్రి 8:20

అమ్మాయ్, చుట్టినవాటిని గాలికి వదిలేయమాక. మన వైపు ముసురు పట్టిందంటే అన్నీ చెమ్మగిల్లుతాయి.

సింహపురి శైలు · గురువారం, రాత్రి 8:31

డెసికేటర్‌లో సిలికా జెల్ వేసి పెట్టా మామయ్యా. మీ తాతగారి గోనెపట్టా సంగతి మా మేడమ్‌కి చెప్తే నవ్వి, తర్వాత తేమ గురించి ఒక పేరా రాయమన్నారు.

ఒంగోలు గిత్త · గురువారం, రాత్రి 9:00

అన్నీ బాగున్నాయి గానీ శైలూ, క్యాన్ ఎక్కడ? బాబాయి రోజూ ఫోన్ చేసి అడుగుతున్నాడు. ఆదివారం లోపల పశువుల ఆసుపత్రిలో అప్పజెప్పాలంట.